పేరు పెట్టి చేసిన ప్రార్థన

రిబ్కమ్మ పని ఇళ్లకు పోయి కూర్చోవడం. ఇదీ ఒక పనేనా అని మొదట్లో ఆమె మరిది నవ్వాడు. ఊరికే కూర్చుంటే జీతమిచ్చే సంస్థ ఉంటే తనకూ చూపించమన్నాడు. ఆ మాట అన్నవాడు ఒక్కనాడైనా పెళ్లాం పిల్లల ఎదురుగా గంటసేపు నోరు మూసుకొని కూర్చొని ఉంటే అదెంత కష్టమో తెలిసేది.

సంస్థ వాళ్లు ఆ పనికి బారెడు పేరు పెట్టారు. కరీంనగర్‌లో ఆరు రోజులు శిక్షణ ఇచ్చారు. గోడలనిండా చార్టులు అంటించి, స్కెచ్ పెన్నులతో చెట్లూ పక్షులూ గీయించి, మధ్యమధ్య చప్పట్లు కొట్టించి, చివరికి చెప్పింది మాత్రం నాలుగు ముక్కలు. బడి మానేస్తున్న పిల్లను బడిలో పట్టుకుంటే దొరకదు, ఇంట్లో పట్టుకోవాలి. అందుకని ఇల్లంతా కలిసి వారానికొక గంట కూర్చోవాలి, ఎనిమిది వారాలు. తండ్రి తప్పకుండా ఉండాలి. మొదట పిల్ల మాట్లాడాలి, మధ్యలో ఎవరూ కోప్పడకూడదు. ఆ గంటలో వచ్చిన మాట గడప దాటకూడదు. సిరిసిల్ల వాడల్లో జనం దాన్ని ‘కూసునే ముచ్చట’ అన్నారు. సంస్థ పెట్టిన పేరుకు ఎవరికీ నోరు తిరగలేదు, రిబ్కమ్మకు కూడా.

ఆమెకు నలభై ఆరేళ్లు. పుట్టింది మెట్‌పల్లి దగ్గరి పల్లెలో. తండ్రి ఎబినేజర్ మిషన్ చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. రిబ్కమ్మ ఆరో తరగతిలో ఉండగా తల్లికి క్షయ వచ్చింది. ముగ్గురు చిన్నపిల్లలు, మంచంలో తల్లి. పెద్దపిల్ల బడి మానేసింది. మానేసిందని కూడా ఎవరూ అనలేదు, అది అట్లా జరిగిపోయింది. ఒక్క టీచరైనా వచ్చి గడపలో నిలబడి పిల్ల ఏదీ అని అడగలేదు. అడిగితే మళ్లీ పోయేదో లేదో గానీ, అడిగారన్న తృప్తి మిగిలేది. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ ఉంది. ముప్పై మూడేళ్ల వయసులో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి పాసయింది కూడా ఆ కోపంతోనే. ఆర్టీసీ డిపోలో టైర్ల పని చేసే భర్త మొగిలి, ఆ పరీక్షల వారం రోజులూ తనే వండి గిన్నె కట్టిచ్చాడు. ఆ వంట ఎట్లా ఉండేదో ఆమె ఎవరికీ చెప్పలేదు.

బడి వాళ్లు రాలేదు గానీ చర్చి ఆడవాళ్లు వచ్చారు. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి, ఎనిమిది మందో పది మందో మంచం చుట్టూ మోకాళ్లూని, తల్లి పేరు, ఇంటి పేరు, రోగం పేరు చెప్పి దేవుణ్ణి అడిగేవారు. తల్లి ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. సర్కారు దవాఖానా మందులు కూడా ఏడాదిపాటు మింగిందనుకోండి, కానీ ఆ ఇంట్లో మందులకు పెద్దగా పేరు రాలేదు. పేరు పెట్టి అడిగితే వింటాడు అన్నది రిబ్కమ్మకు అప్పటి నుంచి నిజం. పేరు చెప్పకుండా అడగడమంటే, చీటీ మీద పేరు రాయకుండా మందుల కిటికీ ముందు నిలబడటమే అనేది సిరిసిల్లలోని పాస్టరమ్మ రోజారాణి. ఆ మాటకు రిబ్కమ్మ తల ఊపేది.

రెండేళ్లలో ఆమె కూర్చున్న ఇళ్లు తొమ్మిది. ఆరు ఇళ్ల పిల్లలు బడికి తిరిగి పోయారు. పదో ఇల్లు భూమన్నది.

భూమన్న సాంచెలు నడుపుతాడు. సాంచె అంటే మరమగ్గం. సాంచెల సొంతదారైన ఒక ఆసామి కార్ఖానాలో, ఆ చప్పుడులో, ఒక్కడే ఎనిమిది సాంచెల మధ్య తిరుగుతూ తెగిన పోగులు అతికే పని. రాత్రి షిఫ్టు. పొద్దున్నే ఇంటికొచ్చి పడుకుంటాడు. భార్య గంగుబాయి పుట్టిల్లు బాసర వైపు, మాటలో కాస్త మరాఠీ కలుస్తుంది. ఆమె పొద్దున్నే బట్టలు కుట్టే కంపెనీకి పోతే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ నవత పదో తరగతి. జులై నెలాఖరు దాకా ఒక్క రోజు కూడా బడి మాననిది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పోయింది పదిహేడు రోజులు.

పిల్ల ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుడుతూ కనిపించేది కాబట్టి, కూలి కోసం ఆపారని బడిలో అనుకున్నారు. రిబ్కమ్మా అదే అనుకుంది. మొదటి వారం నవత తలనొప్పి అంది. రెండో వారం కడుపునొప్పి అంది. మూడో వారం ఏమీ అనలేదు. భూమన్న ఆ మూడు వారాలూ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నాలుగో వారం గంగుబాయికి ఓపిక చచ్చి, గుడ్లురిమి, “ఇంత సదివిస్తుంటే గీ పిల్లకు రోగమేందో!” అని లేచిపోయింది. కోప్పడకూడదన్న నియమం అక్కడ గంగలో కలిసింది. రిబ్కమ్మ చల్లారిన చాయ్ తాగి, మళ్లీ వారం వస్తానని చెప్పి వచ్చేసింది.

ఐదో వారం ఆదివారం మధ్యాహ్నం. నలుగురూ చాప మీద కూర్చున్నారు. రిబ్కమ్మ ఎప్పటిలాగే అడిగింది.

“బడికి ఎందుకు పోతలేవు బిడ్డా?”

“నేను పోతే బాపు ఒక్కడే ఉంటడు.”

“ఉంటే ఏమైతది? పండుకుంటడు గదా.”

నవత తండ్రి వైపు చూడలేదు. చాప అంచు పీకుతూ అంది. “పండుకున్నడో లేదో సూడాలె గదత్తా. వానలల్ల ఒకరోజు బడి జల్ది ఇడిసిపెట్టిన్రు గాబట్టి నేనొచ్చిన. ఎప్పటి లెక్క వచ్చి ఉంటే బాపు ఉండకపోవు.”

ఆగస్టులో పనిలేక కార్ఖానాలు మూతపడి ఉన్న రోజుల్లో భూమన్న ప్రాణం తీసుకోబోయాడు. ఆ సంగతి ఆ ముగ్గురికీ, పక్కింటి ఓంప్రకాశ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. మళ్లీ పని మొదలైంది, భూమన్న షిఫ్టుకు పోతున్నాడు, అంతా సర్దుకుందనుకున్నారు. పిల్ల మాత్రం సర్దుకోలేదు.

భూమన్న మొదటిసారి గోడ వదిలి బిడ్డ ముఖం చూశాడు.

“నువ్వు నాకు కావలి ఉంటున్నవా బిడ్డా?”

“అవ్ బాపు.”

“నేను కండెల కోసం అనుకుంటున్న గదనే.”

“కండెలు ఊకెనే. నువ్వు లేస్తే, ఎందుకున్నవని అడగద్దని.”

భూమన్న ఏడ్చాడు. మగవాడు అట్లా ఏడవడం రిబ్కమ్మ తన తండ్రి దగ్గర ఒక్కసారే చూసింది. ఆమెకు శిక్షణలో చెప్పినవేవీ గుర్తు రాలేదు. చెయ్యి చాచి అతని భుజం మీద పెట్టి కూర్చుంది, అంతే.

దారి చూపించింది కూడా భూమన్నే. పగలు ఇంట్లో ఒంటరిగా ఉండటమే కదా బిడ్డ భయం, తను పగటి షిఫ్టుకు మారితే? పక్క సాంచెలు ఓంప్రకాశ్‌వి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అతని కళ్ల ముందే ఉంటాడు. రాత్రి భార్యా బిడ్డా ఉండనే ఉంటారు. “నేను జూసుకుంట బిడ్డా, నువ్వు ఫికర్ జెయ్యకు,” అని ఓంప్రకాశ్ వచ్చి నవత ముందర ఒట్టేశాడు. జిల్లా దవాఖానాలో మనసుకు మందిచ్చే డాక్టరు దగ్గరికి రిబ్కమ్మే తోడుపోయింది. షిఫ్టు మార్చమంటే ఆసామి పెద్దగా గొణక్కుండా మార్చాడు.

మరునాడు నవత బడికి పోయింది. ఆ తర్వాత ముప్పై ఒక్క పనిదినాలు వరసగా పోయింది. లెక్కల్లో వెనకబడిందని సార్ చెబితే పొద్దున ప్రత్యేక క్లాసుకు కూడా పోయింది. రిబ్కమ్మ ఆ మాట మొగిలికి ఎన్నిసార్లు చెప్పిందంటే, ఇంక చాలు అని అతను చెవులు మూసుకున్నాడు. పిల్ల బడికి పోతోంది అని మాత్రమే చెప్పింది. ఎందుకు మానిందో భర్తకు కూడా చెప్పలేదు. సంస్థ మేడం రెండుసార్లు అడిగితే ఫారంలో ‘ఇంట్లో అనారోగ్యం’ అని రాసి ఊరుకుంది. గుట్టు దాచడంలో తనంత మనిషి లేదని ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. ఉండవలసిందే.

కొత్త సంవత్సరంలో మొదటి శుక్రవారం వాళ్ల చర్చి ఆడవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఒక్కరూ తమ ఇంటిది కాని పేరు ఒకటి తెస్తారు. ఏడాది పొడుగునా ఆ పేరును అందరూ కలిసి మోస్తారు. ఎవరి పేరు తేవాలా అని రిబ్కమ్మ వారమంతా ఆలోచించింది. ఆలోచించడానికి ఏముంది, మనసులో ఉన్నది ఒక్క పేరే. ఆమెకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మేడంకు చెబితే చెప్పినట్టు, మొగిలికి చెబితే చెప్పినట్టు. దేవునికి చెప్పడం ఎవరికో చెప్పినట్టు ఎట్లా అవుతుంది? పక్షుల బొమ్మలు గీయించినవాళ్లలో ఒక్కరూ దీని గురించి చెప్పలేదు. చెప్పినా ఆమె నమ్మేది కాదు.

తన వంతు వచ్చినప్పుడు మోకాళ్ల మీదే ఉండి చెప్పింది. “కొత్తవాడల సాంచెలు నడిపే భూమన్న, ప్రభువా. ప్రాణం మీద ఆశ ఇడిసి ఆగస్టుల పోవాలని జూసిండు. బిడ్డ నవత బడి మానుకొని కాపలా కాసింది. గా బిడ్డ పది పాస్ గావాలె, గాయన బతకాలె.”

పదకొండు మంది ఆడవాళ్లు ఏడ్చారు. ఎవరి ఏడుపులోనూ నటన లేదు. రిబ్కమ్మ బయటికి వచ్చేసరికి గుండె తేలికైంది. దారిలో బత్తాయిలు కొనుక్కొని ఇంటికి పోయింది.

ఆ పదకొండు మందిలో కోమల ఒకతె. మంచి మనిషి, ఎవరి కష్టం విన్నా అన్నం సహించదు. ఆమె వంట చేసేది భూమన్న ఆసామి ఇంట్లో. శనివారం రొట్టెలు కాలుస్తూ, “అమ్మా, గా భూమన్నకు జర అలకటి, సులువు పని ఇప్పియ్యున్రి, పానం బాగలేదు, పాపం,” అని ఆసామి భార్యను బతిమాలింది. ఏమైందని ఆమె అడిగితే అయిందంతా చెప్పింది. పాపం అన్న మాటతోనే చెప్పింది.

సోమవారం పొద్దున ఆసామి భూమన్నను బయటికి పిలిచాడు. కేకలేయలేదు, తిట్టలేదు. “నీ మీద నాకు కోపం లేదు భూమన్నా. గని నా కార్ఖానల నీకేమన్నయితే నేను ఠాణా సుట్టు తిరగాలె. కొన్ని రోజులు ఇంటికాడ ఉండు,” అన్నాడు. పక్కన నిలబడి విన్న ఓంప్రకాశ్ సాంచెలు ఆపి, చేతులకు అంటిన నూనెతోనే రిబ్కమ్మ ఇంటికి వచ్చాడు.

“అక్కా, గీ ముచ్చట వాళ్ల ముగ్గురికి, నాకు, నీకు ఎరుక. నేను ఎవలకు జెప్పలే.”

రిబ్కమ్మ తనూ చెప్పలేదని అనబోయింది. నోరు తెరిచాక ఆ మాట అక్కడే ఆగిపోయింది. చేతిలో ఉన్న చాట కింద పెట్టి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయలుదేరింది.

ఆమె పోయేసరికి భూమన్న ఇంటి ముందు పదిహేను జతల చెప్పులున్నాయి. తోటి కార్మికులు ధైర్యం చెప్పడానికి వచ్చారు. వాడ పెద్దమనిషి ధైర్యం చెప్పాడు. ఎవరో కుర్రాళ్లు వాడ వాట్సాప్ గ్రూపులో, భూమన్న అన్న మీద అందరూ ఓ కన్నేసి ఉంచాలని పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ అంటించారు. భూమన్న మధ్యలో తల వంచుకొని కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ ఏం లేదన్నా, ఏం లేదన్నా అంటున్నాడు. నవత తలుపు పక్కన యూనిఫాంలో నిలబడి ఉంది. ఆ రోజు బడి నుంచి మధ్యలోనే వచ్చేసింది. క్లాసులో పక్కపిల్ల అడిగిందట, మీ బాపు సచ్చిపోబోయిండంట గదా అని.

జనం పోయేదాకా రిబ్కమ్మ వాకిట్లోనే నిలబడింది. తర్వాత లోపలికి పోయి, గంగుబాయి కూడా వచ్చేదాకా ఆగి, చాప పరవకుండానే నేల మీద కూర్చొని చెప్పేసింది. శుక్రవారం, చర్చి, ప్రార్థన, పేరు. ఒక్క ముక్క దాచలేదు.

“అత్తా, దేవునికి జెప్తే గింతమందికెట్ల దెలిసింది?” అంది నవత. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

“నలుగుర్ల జెప్పిన బిడ్డా. గట్ల జెప్పుడు మాకు అలవాటు. తప్పనుకోలే.”

గంగుబాయి రెండు చేతులూ జోడించింది. “వదినా, నీ కాళ్లు మొక్కుత. ఇగ మా ఇంటికి రాకు.”

భూమన్నే ఆమెను ఆపాడు. “అట్లనకు. నన్ను కూసోబెట్టి నీ బాధేందిరా అని ఇన్నేండ్లల్ల ఎవలన్న అడిగిన్రా? అక్క అడిగింది.” తర్వాత రిబ్కమ్మ వైపు తిరిగాడు. “గని అక్కా, గీ వాడల ఇగ నేను తిరగలేను. ఇయ్యాల పొద్దుగాల నీళ్లకు నల్లకాడికి పోతే అందరు నా మొకం జూసిన్రు. ఇంక ఉన్నడా అన్నట్టు జూస్తున్నరు.”

కోపగించుకుంటే తట్టుకునేది రిబ్కమ్మ. ఆ మాటకు తట్టుకోలేకపోయింది.

ఇంకో రెండు కార్ఖానాల్లో అడిగారు. అక్కడికి భూమన్న కంటే ముందే ఆ సంగతి చేరింది. రిబ్కమ్మ ఆసామి ఇంటికి పోయి రెండు గంటలు నిలబడింది. డాక్టరు రాసిన చీటీ చూపించింది, పనిలో ఉండటమే ఆయనకు మందని చెప్పింది. ఆసామి మర్యాదగా మంచినీళ్లు ఇప్పించాడు, అంతకు మించి ఏమీ ఇవ్వలేదు. పదకొండో రోజున గంగుబాయి తమ్ముడు మహారాష్ట్రలోని భీవండి నుంచి ఫోను చేశాడు. అక్కడ సాంచెలున్నాయి, అతను తప్ప తెలిసినవాళ్లు లేరు. తెలిసినవాళ్లు లేకపోవడమే భూమన్నకు కావలసింది. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు ఆ ముగ్గురూ మూటలతో బస్సెక్కారు. రిబ్కమ్మ బస్టాండు బయట చాయ్ బండి వెనక నిలబడి చూసింది, ముందుకు పోలేదు.

సంస్థ మేడంకు అంతా చెప్పింది. ఉద్యోగం తీసేస్తారనుకుంది. మేడం పెన్ను మూత తీసి, ఫారంలో ‘వలస’ అని రాయండి అంది. రిబ్కమ్మ రాయలేదు. ఇంకా పరీక్షలు కాలేదు కదా అని ఆమె ఆశ. హెడ్మాస్టరు చుట్టూ తిరిగింది, హాజరు చాలదంటే వాదించింది, చివరికి హాల్ టికెట్ తీయించింది. తన ఇంట్లో నవతకు పడుకోవడానికి గది సర్ది, లైటు మార్పించింది. మొగిలి అడక్కుండానే కుర్చీ బాగుచేశాడు. మార్చి మొదటి వారంలో భూమన్నకు ఫోను చేసి, పరీక్షలు అయ్యేదాకా పిల్లను తన దగ్గర ఉంచుకుంటానని, తానే వచ్చి తీసుకుపోతానని చెప్పింది.

“మంచిదక్కా, మంచిది. పంపిస్త. దానికన్న ఏముంది?” అన్నాడు భూమన్న. గొంతులో నిజంగా సంతోషం ఉంది. ఫోను బిడ్డకిచ్చాడు.

నవత ఫోను పట్టుకొని బయటికి నడిచినట్టుంది. గోడ అవతలి సాంచెల చప్పుడు కాస్త తగ్గింది.

“నేను రాను అత్తా.”

“గట్లనకు బిడ్డా. హాల్ టికెట్ వచ్చింది. లెక్కల సార్ ఇంటికొచ్చి జెప్తనన్నడు. నా మీద కోపముంటే నాతోని మాట్లాడకు, పరీక్ష రాసి పో.”

“కోపం లేదత్తా,” అంది నవత. “నేనొస్తే బాపు కాడ ఎవలుంటరు? గిక్కడ మళ్ల రాత్రి షిఫ్టే దొరికింది. అవ్వ పొద్దుగాల పోతది. పొద్దంత బాపు అర్రల ఒక్కడే.”

“మీ మామ ఉన్నడు గదా. మామకు జెప్పి...”

అని రిబ్కమ్మ అంతటితో ఆగింది. ఆమె ఆగిందని అవతల పిల్లకు తెలిసింది.

“వద్దత్తా, ఎవలకు జెప్పద్దు,” అంది నవత మెల్లగా. “నేనే ఉంట.”